వెనక గది సారు

"కౌంటర్లో ఏముంది? ఎవరు కూర్చున్నా జరిగిపోతుంది," అన్నాడు ఆమె భర్త, పేపరు తిప్పుతూ.

ఆదివారం పొద్దున. ఆమె నేల మీద కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. పెద్ద పెద్ద నిర్ణయాలన్నీ పేపరుకి చెప్పడం ఆయనకి అలవాటు. పక్కన కూర్చున్నవాళ్ళు విని అర్థం చేసుకోవాలి. ఇల్లు మారడం, కూతుర్ని హాస్టల్లో వెయ్యడం, అత్తగారి కంటి ఆపరేషను, అన్నీ ఆమెకి ముందు పేపరు వెనకనుంచే వినిపించాయి.

"బావ రిటైరయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చుని అక్కయ్య ప్రాణం తీస్తున్నాడట. వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి, పప్పు ఇంతెందుకు కొన్నావంటాడట. మన షాపులో కూర్చోబెడదాం. నువ్వూ పంతొమ్మిదేళ్ళు ఆ గ్రీజులో పడి ఉన్నావు, ఇక హాయిగా ఇంట్లో ఉండు. ఓ వారం దగ్గరుండి చూపించు, చాలు."

"అల్లుడుగారు స్పేర్ పార్టుల కొట్లోనా?" అంది అత్తగారు కుర్చీలోంచి. "ఆఫీసులో సంతకాలు పెట్టిన చెయ్యిరా అది."

"అందుకేనమ్మా. షాపుకీ ఓ గౌరవం."

కోపంగా అని ఉంటే ఏదో ఒక సమాధానం దొరికేది. ప్రేమగానే అన్నాడు, అదే వచ్చిన చిక్కు. నిజంగానే ఆమెకి విశ్రాంతి ఇస్తున్నానని అనుకుంటున్నాడు. ఇచ్చే మనిషి మొహం అంతలా వెలిగిపోతుంటే వద్దనడం ఎలాగో ఆమెకి చిన్నప్పట్నుంచీ ఎవరూ నేర్పలేదు. "సరే," అంది. ఆ తరవాత రోజంతా ఆ సరేని తలుచుకుని తనని తాను తిట్టుకుంది.

పంతొమ్మిదేళ్ళ కిందట ఆమె ఆ కౌంటర్లో కూర్చున్నది ఒక్క అరగంట కోసం. ఆయన భోజనానికి ఇంటికి వెళ్ళొచ్చేదాకా షాపులో ఎవరో ఒకరు ఉండాలి కదా అని. ఆ భోజనానికి కునుకు కలిసింది, కునుక్కి బయటి పనులు కలిశాయి, బయటి పనులకి స్నేహితులు కలిశారు. చివరికి ఆయన పొద్దున షట్టరెత్తి ఆమె వచ్చేదాకా ఓ గంట, మళ్ళీ దీపాలు పెట్టే వేళకి వచ్చి మూసేదాకా రెండు గంటలు ఉండే మనిషయ్యాడు. మధ్యలో రోజంతా ఆమెదే. అయినా ఎవరైనా అడిగితే, "మా ఆవిడ ఊరికే కూర్చుంటుంది, కాలక్షేపం," అనేవాడు. అయిదింటికి లేచి వంట చేసి, అత్తగారికి మందులిచ్చి, మధ్యాహ్నం ఆయన తినడానికి గిన్నెలు సర్ది మూతలు పెట్టి, పదింటికి బస్సు దిగి చేసే ఆ కాలక్షేపానికి జీతం లేదు, సెలవు లేదు, కనీసం ఒక కుర్చీ కూడా లేదు. ఒక ఎత్తు స్టూలుంది. కుర్చీ సాయంత్రం ఆయన వచ్చాక లోపల్నుంచి బయటికి వచ్చేది.

మొదటి నెలలోనే ఒక సంగతి జరిగింది. ఒక కారాయన వచ్చి స్పార్క్ ప్లగ్గులు కావాలన్నాడు. ఏ బండో, ఏ ఏడాదిదో అడిగి, పుస్తకం రెండుసార్లు చూసి, నాలుగు ప్లగ్గులు తీసి ముందు పెట్టింది. ఆయన వాటిని ముట్టుకోలేదు. ఆమెనీ, ఆమె వెనకున్న గోడనీ చూసి, "ఎవరూ లేరామ్మా?" అన్నాడు.

ఎదురుగా నిలబడ్డ మనిషిని పట్టుకుని ఎవరూ లేరా అంటే ఏం చెబుతారు? ఆమెకి ఏడుపొచ్చింది. కస్టమరు ముందు ఏడిస్తే బాగుండదని అరల వెనకున్న చిన్న గదిలోకి వెళ్ళింది. అక్కడ ఖాళీ అట్టపెట్టెలు, మడత కుర్చీ, మంచినీళ్ళ సీసా. రెండు గుక్కలు తాగి, కళ్ళు తుడుచుకుని బయటికొచ్చి, అవే నాలుగు ప్లగ్గుల్ని కాస్త ముందుకి జరిపి, "సారు లోపలున్నారు. ఇవే ఇమ్మన్నారు," అంది. ఆ నోట అబద్ధం ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కారాయన మారుమాట లేకుండా తీసుకుని వెళ్ళిపోయాడు.

వెనక గది సారు పుట్టింది ఆ రోజే.

ఇక అక్కణ్ణుంచి ఎవరైనా సందేహిస్తే చాలు, ఆమె లోపలికి వెళ్ళి ఇరవై అంకెలు లెక్కపెట్టి, గుక్కెడు నీళ్ళు తాగి వచ్చేది. "సారు ఇదే ఇమ్మన్నారు." కొన్నాళ్ళకి సారుకి ఒక స్వభావం కూడా ఏర్పడింది. పని ఎక్కువ, బయటికి రారు. మాట తక్కువ, కానీ అన్నారంటే అన్నట్టే. ఇచ్చిన సరుకు ఎప్పుడూ తప్పు పోలేదు. మెకానిక్కులు ఆ వీధిలో నాలుగు షాపులు దాటి మరీ వచ్చేవాళ్ళు. ఆమె మొగుడికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతాడని మొదట్లో ఊరుకుంది. తరవాత్తరవాత, నవ్వడేమో, ఆ సారు తనేనని నమ్మేస్తాడేమో అని భయమేసి ఊరుకుంది.

సారు పెట్టిన నియమాల్లో గొప్పది గుడ్ల డబ్బా. బండిలోంచి పాత ప్లగ్గులు విప్పినప్పుడు ఏది ఏ సిలిండర్లోంచి వచ్చిందో వరస తప్పకూడదు. జేబులో వేసుకొస్తే అన్నీ కలిసిపోతాయి. అందుకని ఆమె గుడ్లొచ్చే అట్టల్ని నాలుగేసి గుంటలుగా కత్తిరించి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసి అందరికీ పంచిపెట్టింది. పాతవి అందులో పెట్టుకుని రాకపోతే కొత్తవి ఇవ్వద్దన్నారు సారు, అని చెప్పింది. మొదట నవ్వారు, తరవాత అలవాటు పడ్డారు. షాపుకి బోర్డు మీద ఏ పేరుందో ఎవరికీ గుర్తులేదు, అది గుడ్ల డబ్బా షాపు, ఆమె గుడ్ల డబ్బా అక్క.

ఆ పని ఆమెకి ఇష్టం. ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గే కానీ, చాలా ఇష్టం. డబ్బా తెరిచి ప్లగ్గు మూతిని వెలుగులో పెట్టి చూస్తే ఆ బండి ఎలా బతుకుతోందో తెలిసిపోతుంది. బిస్కెట్ రంగులో ఉంటే సుఖంగా ఉన్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే తాగేది ఎక్కువ, తిరిగేది తక్కువ. తెల్లగా సున్నం రాసినట్టుంటే లోపల మరీ వేడెక్కిపోతోంది. ఊళ్ళో ఆగి ఆగి తిరిగే బండికి ఒక రకం ప్లగ్గు, దూరాలు పరిగెత్తే బండికి ఇంకో రకం. మూతి దగ్గర సందు గోరు మందమంత కూడా తేడా రాకూడదు, సన్నటి రేకుల గేజి పెట్టి ఆమే చూసి ఇచ్చేది. రేకు ఆ సందులో మరీ బిగియకుండా, మరీ జారకుండా వెళ్ళి వచ్చినప్పుడు వేళ్ళకి తెలిసే ఆ సంతోషం ఇంట్లో ఏ పనిలోనూ ఆమెకి దొరకలేదు.

సోమవారం అన్నయ్యగారు, అంటే ఆడపడుచు భర్త, జేబులో రెండు పెన్నులు, చంకలో డైరీతో దిగాడు. మంచి మనిషి. మంచివాడే కాకపోతే ఆమెకి ఇంత బాధ ఉండేది కాదు. అరలన్నీ ఈ చివర్నుంచి ఆ చివరికి చూసి, "ఇక్కడ సిస్టం ఏమిటమ్మా?" అన్నాడు.

అరల మీద ఆమె రాసిపెట్టుకున్న చీటీలున్నాయి. పొద్దున్నే స్టార్టవదు. ఎత్తెక్కుతుంటే గింజుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. వానొస్తే మొరాయిస్తుంది. ఏ చీటీ కింద ఆ జబ్బుకి కావలసిన ప్లగ్గులు, ప్లగ్గు తీగలు, కాయిళ్ళు, మూతలు.

"వచ్చినవాళ్ళు నంబరు చెప్పరు అన్నయ్యగారూ. బాధ చెబుతారు," అంది ఆమె.

ఆయన అది డైరీలో రాసుకున్నాడు. శనివారం దాకా అన్నీ రాసుకున్నాడు. "డబ్బాలోంచి ఒక్కొక్కటే తియ్యండి, చూసి మళ్ళీ దాని గుంటలోనే పెట్టండి," అని ఆమె చెబితే అదీ రాసుకుని కింద గీత గీశాడు. ఆమె వెళ్ళిపోయిన మర్నాడే అరలన్నీ దులిపి, పెట్టెల్ని సైజుల వారీగా, పెద్దవి కింద, చిన్నవి పైన, చూడముచ్చటగా సర్దేశాడు. చీటీలన్నీ పీకి ఒక కవర్లో వేసి, కవరు మీద "పాత చీటీలు" అని రాశాడు.

ఇంట్లో మొదటి రోజు ఆమె మధ్యాహ్నం పడుకుంది. పెళ్ళయ్యాక పగటిపూట నిద్రపోవడం అదే మొదలేమో. లేచేసరికి చెంప మీద దిండు ముడతలు. అద్దంలో చూసుకుని నవ్వుకుంది. బాగానే ఉందనిపించింది కూడా. రెండో రోజుకి ఆ ఇంట్లో ఒక కొత్త మాట పుట్టింది. "ఇంట్లో ఉన్నావుగా." ఇంట్లో ఉన్నావుగా, ఆ బీరువా దించి సర్దెయ్యి, అని అత్తగారు. ఇంట్లో ఉన్నావుగా, చారు వేడిగా పెట్టు, అని ఆయన. ఆడపడుచు ఫోన్ చేసి, "నీ పుణ్యమా అని నా వంటిల్లు నాకు దక్కిందే అమ్మాయ్!" అని పది నిమిషాలు మురిసిపోయింది. ఆవిడ వంటిల్లు ఆవిడకి దక్కడం కోసం తన కౌంటరు పోయిందన్నమాట. ఆ సంగతి ఆవిడకి తోచలేదు, చెప్పాలని ఈమెకీ తోచలేదు. కానీ ఆ సాయంత్రం వంటింట్లో చెంచాల్ని పొడుగు వారీగా పేర్చి, సందుల్లో గోరు పెట్టి చూస్తూ తనని తాను పట్టుకుంది. ఇదేం పిచ్చి, అనుకుంది. ఆ షాపుని ఇంతలా ప్రేమిస్తున్నట్టు ఎవరితోనైనా చెప్పుకుంటే బాగుండుననిపించింది.

బుధవారం మధ్యాహ్నం ఆయన కునుకులో ఉండగా ఫోన్ మోగింది. ఆమె మంచం చివర బట్టలు మడతపెడుతోంది. ఆయన కళ్ళు తెరవకుండానే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "ఏ ప్లగ్గయితేనేం బావా... అన్నిట్లోకీ ఖరీదైనది ఇచ్చెయ్యి, తప్పు పోదు," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆమె చేతిలో చొక్కా కాసేపు అలాగే ఉండిపోయింది. ఖరీదైనది అంటే ఏది? ఎవరి బండికి? లేపి అడుగుదామనుకుంది. ఇంట్లో ఉన్నావుగా, నీకెందుకు, అంటాడేమోనని ఊరుకుంది.

ఎవరి బండికో మర్నాడు పదకొండింటికి తెలిసింది. ఇంటి ముందు స్కూలు వ్యాను ఆగింది. ఆగిందనడం కంటే దగ్గి దగ్గి కూలబడిందనడం నయం. దాన్ని నడిపే అమ్మాయి పిల్లల్ని బళ్ళో దింపి వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుంటాయి, బండికి ఏ జబ్బొచ్చినా సగం వైద్యం తనే చేసుకుంటుంది. చేతిలో గుడ్ల డబ్బా.

"అక్కా, నువ్వొచ్చి ఇక్కడ కూర్చుంటే నా గతేంటి? మూడు రోజులై ఎత్తెక్కాలంటే గింజుకుంటోంది. నిండా పిల్లలతో వంతెన మీద ఆగిపోతే ఏం చెయ్యను?"

"షాపుకెళ్ళలేదూ?"

"వెళ్ళబట్టే ఇలా వచ్చాను. నిన్న ఇంట్లో ప్లగ్గులు విప్పి వరసగా పెట్టుకుని, బండి అక్కడే వదిలి ఆటోలో వెళ్ళాను. కొత్తాయన డబ్బా అందుకుని నాలుగూ అరచేతిలోకి ఒంపుకున్నాడు. లెక్కపెట్టి, నాలుగున్నాయమ్మా, కరెక్టే, అన్నాడు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వెనక గది సారుని అడిగి ఇవ్వండి అన్నాను. ఆయన లోపలికెళ్ళి చూసొచ్చి, ఎవరూ లేరమ్మా అన్నాడు. నేను వదల్లేదు. ఫోన్ చేయించాను. సారు చెప్పారని ఇవి ఇచ్చాడు. సారు చెప్పారంటే ఇక తిరుగుండదని తీసుకున్నాను. కానీ బిగించబోతూ, నువ్వు ఎప్పుడూ చెప్పే మాట గుర్తొచ్చి, పాతదాని పక్కన కొత్తదాన్ని పెట్టి చూశాను. ఇదిగో, నువ్వే చూడు. ఇవాళ పాతవే తుడిచి పెట్టుకుని పిల్లల్ని దింపి, ఇప్పుడే మీ వాకిట్లో విప్పి, వరస ఎలాగూ పోయిందని డబ్బాలో ఎలా పడితే అలా వేసి పట్టుకొచ్చా."

కొత్త ప్లగ్గు మెరిసిపోతోంది. మర పాతదానికంటే నాలుగు చుట్లు ఎక్కువ పొడుగు. అది బిగించి సెల్ఫ్ కొడితే లోపల పిస్టన్ పైకొచ్చి దాని మూతిని గుద్దుతుంది. ప్లగ్గుతో పోదు, ఇంజను పోతుంది. వంతెన మీద, నిండా పిల్లలతో.

"సారు ఇలా చెప్పారేంటక్కా? ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పు చెప్పలేదే!"

పంతొమ్మిదేళ్ళలో సారు నిజంగా సలహా ఇచ్చింది నిన్న ఒక్కరోజే. ఆ మాట గొంతుదాకా వచ్చింది. ఆ లేని మనిషి మీద ఈ అమ్మాయికి ఎంత నమ్మకమో చూస్తే ఆమెకి నవ్వూ వచ్చింది, ఎక్కడో చురుక్కుమంది కూడా. "నిన్న సారు నిద్రమత్తులో ఉన్నారులే," అంది. "పద, బానెట్ ఎత్తు."

గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లవుజులు తొడుక్కుని వీధిలోకి వచ్చింది. పాత ప్లగ్గుల్లో ఒకటి తడిగా ఉంది. వాసన చూసింది. నూనె కాదు, పెట్రోలే. అంటే ఆ సిలిండర్లో పెట్రోలు చేరుతోంది కానీ అంటుకోవడం లేదు. కానీ అది ఏ సిలిండరు? వరస పోయింది కదా. తడి ప్లగ్గుని బాగా తుడిచి ఆరబెట్టి, నాలుగింటినీ తోచిన చోట బిగించి ఇంజను ఆన్ చెయ్యమంది. తరవాత ఒక్కొక్క ప్లగ్గు తీగనే పైకి లాగి, చెవి ఒగ్గి విని, మళ్ళీ నొక్కింది.

"తీగ పీకితే ఇంజను శబ్దం మారిందనుకో, ఆ సిలిండరు పని చేస్తున్నట్టు. పీకినా తేడా రాలేదంటే, అదే పని చెయ్యనిది."

"మా ఆయన తీగ పీకినా మా ఇంట్లో తేడా తెలీదక్కా," అంది వ్యానమ్మాయి. ఇద్దరూ బానెట్ కింద తలలు పెట్టి పడీ పడీ నవ్వారు.

"ఇంట్లో ఉండమంటే వీధిలో బండి కింద దూరిందమ్మా!" అని కిటికీలోంచి అత్తగారి గొంతు.

మూడోది పీకినప్పుడు శబ్దం మారలేదు. తడి ప్లగ్గు ఇప్పుడున్నది ఒకటో సిలిండర్లో. అది అక్కడ బాగానే పని చేస్తోంది. మూడోదాంట్లో ఇప్పుడున్నది మంచి ప్లగ్గు, అయినా అది చచ్చినట్టే ఉంది. అంటే తప్పు ప్లగ్గుది కాదు, దానికి కరెంటు తెచ్చే తీగది. తీగని వంచి చూస్తే, వేడి గొట్టానికి ఆనుకున్న చోట సన్నగా పగిలి ఉంది. కరెంటంతా అక్కడే కారిపోతోంది, ప్లగ్గుదాకా రావడం లేదు. ఆ పగులు వేలికి తగిలినప్పుడు ఆమెకి కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. వారం రోజులుగా బరువుగా ఉన్న గుండె ఒక్కసారి తేలికయింది.

"ఇదంతా సారుకి ఫోన్ చెయ్యకుండానే కనిపెట్టేశావే!" అంది వ్యానమ్మాయి.

ఇక చెప్పకుండా ఉండలేకపోయింది. "వెనక గదిలో ఎప్పుడూ ఎవరూ లేరే. మంచినీళ్ళ సీసా ఉండేది, అంతే."

వ్యానమ్మాయి ముందు నమ్మలేదు. తరవాత విరగబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ హఠాత్తుగా ఆగి, "మరి నాకెందుకు చెప్పలేదక్కా? మగాళ్ళతో అంటే సరే. నేను నువ్వు చెబితే నమ్మేదాన్నే కదా. నాతో కూడా సారు ఇమ్మన్నారనే చెప్పావే," అంది.

ఎవరూ సందేహించకపోయినా లోపలికి వెళ్ళి రావడం ఎప్పట్నుంచి అలవాటైందో ఆమెకే గుర్తులేదు. నమ్మనివాళ్ళ కోసం పుట్టించిన సారుని నమ్మేవాళ్ళ మీద కూడా కూర్చోబెట్టింది తనే. మొగుడు తన పని చూడలేదని ఇన్నేళ్ళూ బాధపడింది, నిజమే. చూడనివ్వకుండా అడ్డం నిలబెట్టిన ఆ మనిషి మాత్రం తన చేతి పనే. గ్లవుజులు విప్పుతూ, "అలవాటైపోయిందే," అంది. అంతకంటే నిజమైన మాట దొరకలేదు.

ఇద్దరూ దగ్గుకుంటూ వెళ్ళే వ్యానులోనే షాపుకి వెళ్ళారు. అక్కడ కౌంటరు ముందు అయిదుగురు నిలబడి ఉన్నారు. అన్నయ్యగారు చెమటలు కక్కుతూ పెట్టెలు దించుతున్నాడు. ఆయనే రమ్మన్నాడో ఏమో, ఆమె భర్త కూడా అక్కడే ఉన్నాడు, అదీ మిట్టమధ్యాహ్నం, కునుకు వేళ. ఆమె ఎవర్నీ పలకరించకుండా అరల వైపు నడిచింది. అలవాటు కొద్దీ కాళ్ళు వెనక గదిలోకి తీసుకెళ్ళాయి. సీసా మీద సన్నగా దుమ్ము పట్టి ఉంది. బయటి మాటలు అరల సందుల్లోంచి వినిపిస్తున్నాయి.

ఆ వీధిలో ముప్ఫయ్యేళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న ముసలి మెకానిక్కు మాట్లాడుతున్నాడు. "ఏమనుకోకండి సార్. పగలు మీరు వెనక గదిలోంచి చెబుతారే, ఆ సలహా బంగారం. సాయంత్రం కుర్చీలో కూర్చుని చెప్పేదే ఎందుకో కుదరదు. మీరు కాస్త లోపలికెళ్ళి ఆలోచించి చెప్పండి సార్."

"నేనా?" అంది భర్త గొంతు. "పగలా?"

వ్యానమ్మాయి కిసుక్కుమంది. ఆమె ఈసారి ఇరవై లెక్కపెట్టలేదు. పైనుంచి తీగల సెట్టు, కిందనుంచి సరైన ప్లగ్గులు వెతికి తీసుకుని బయటికి వచ్చింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. భర్త అయితే పేపరు లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఆమె నాలుగు ప్లగ్గులకీ గేజి పెట్టి సందు చూసి వ్యానమ్మాయికి ఇచ్చి, పొడుగు ప్లగ్గుల పెట్టెని అన్నయ్యగారి ముందు పెట్టి, "ఇవి ఆ బండికి వెయ్యకూడదండీ, ఇంజను పోతుంది," అని నెమ్మదిగా చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. పాపం, ఆ మాట డైరీలో రాసుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక భర్త నేరుగా ఆమెతోనే మాట్లాడాడు. "ఇదంతా నాకు తెలీనే తెలీదే. ఇంత ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడు. ఆ గొంతులో కొంచెం సిగ్గు, కొంచెం గర్వం కూడా ఉన్నాయి. ఆమెకి సంతోషమేసింది, ఎందుకు వెయ్యదు? కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "ఓ పని చేద్దాం. బావని పొమ్మంటే అక్కయ్య బాధపడుతుంది. ఆయన కౌంటర్లోనే ఉంటాడు. నువ్వు వెనక గదిలో హాయిగా కూర్చుని ఏది ఇవ్వాలో చెబుతూ ఉండు, ఆయన అందిస్తాడు. కస్టమర్లకీ నమ్మకం, ఆయనకీ గౌరవం. ఆ మడత కుర్చీ ఎందుకు, నీకు మెత్తటి కుర్చీ వేయిస్తా."

పంతొమ్మిదేళ్ళకి కుర్చీ వచ్చింది. అదీ వెనక గదిలోకి.

ఆమె సరే అనలేదు. వద్దనీ అనలేదు. చారు వేడిగా పెట్టి, తను కూడా వేడిగానే తిని, చాలా రోజుల తరవాత కమ్మగా నిద్రపోయింది.

మర్నాడు అయిదింటికే లేచింది. తలస్నానం చేసింది, అత్తగారికి మందులిచ్చింది, కాఫీ కలుపుకుని కిటికీ దగ్గర కూర్చుని నిమ్మళంగా తాగింది. పొయ్యి మీద ఇంకేమీ పెట్టలేదు. ఏడున్నరకి చెప్పులేసుకుని మేకుకున్న షాపు తాళాలు తీసింది.

భర్త పేపరు దించాడు. "ఎక్కడికి? షట్టరు నేనెత్తుతానుగా. అది బరువు, నీవల్ల కాదు."

"ఇవాళ్టినుంచి నేనే తీస్తానండీ."

"మరి వంటో?"

"వంటలో ఏముంది? ఎవరు నిలబడ్డా అయిపోతుంది," అంది ఆమె. ఆయన ఆ ఆదివారం ఎంత ప్రేమగా అన్నాడో అంత ప్రేమగానూ అంది. "పాపం మీరూ ఇన్నేళ్ళు బయట తిరిగి తిరిగి అలిసిపోయారు. హాయిగా ఇంట్లో ఉండండి. ఓ వారం సాయంత్రాలు దగ్గరుండి చూపిస్తాను. అన్నయ్యగారినీ తోడు పిలుచుకోండి, డబ్బాలు సర్దడంలో ఆయన చెయ్యి చాలా మంచిది."

ఆయన తల్లి వైపు చూశాడు, ఆదుకుంటుందని. అత్తగారు మందు మింగిన గ్లాసు కింద పెట్టి, కోడల్నీ కొడుకునీ మార్చి మార్చి చూసి, బోసినోటితో నవ్వింది. "వెళ్ళరా నాయనా. వంటింటికీ ఓ గౌరవం."

షట్టరు మొదటి జానెడూ నిజంగానే బరువుగా ఉంది. రెండు చేతులా పట్టి లాగింది. మోకాలిదాకా వచ్చాక లోపలి స్ప్రింగులు అందుకుని, దడదడమంటూ అదే పైకి చుట్టుకుపోయింది. ఆమె కాసేపు అలా చూసి, ఈ బరువు గురించా ఇన్నాళ్ళు చెప్పారు, అనుకుంది. వెనక గదిలోంచి మడత కుర్చీ తెచ్చి కౌంటర్లో వేసుకుంది. మంచినీళ్ళ సీసా కడిగి నింపి పక్కన పెట్టుకుంది. "పాత చీటీలు" కవరు తీసి, ఒక్కొక్క చీటీనే అరల మీద అతికించసాగింది. ఎత్తెక్కుతుంటే గింజుకుంటుంది. వానొస్తే మొరాయిస్తుంది.

మూడో చీటీ అతికిస్తుండగా బయట కారు ఆగింది. ఎప్పుడూ చూడని మనిషి. లోపలికొచ్చి, అరలు చూసి, ఆమెని చూసి, ఆమె వెనకున్న గోడని చూశాడు.

"ఎవరూ లేరామ్మా?" అన్నాడు.

ఆమె కాళ్ళు ఒక్క క్షణం వెనక గది వైపు తిరిగాయి, అంతలోనే ఆగాయి. కుర్చీ ముందుకి లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"నేనున్నాను," అంది. "చెప్పండి, ఏమిటి మీ బండి బాధ?"